అద్దె అగ్రిమెంటులో ఇన్సూరెన్స్ షరతు: డల్లాస్ కాగితం విజయనగరంలో నడవదు

ఓనరు డల్లాస్‌లో, ఫ్లాటు విజయనగరం రింగు రోడ్డులో. అగ్రిమెంటు నమూనా కూడా అక్కణ్నుంచే వాట్సాప్‌లో వస్తుంది. అందులో ఎక్కడో పదో పేరాలో ఓ వాక్యం: "అద్దెకుండేవారు రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకుని ఒప్పందం ముగిసేవరకు కొనసాగించాలి." దస్తావేజు లేఖరి దాన్ని తెలుగులోకి దించి వంద రూపాయల స్టాంపు కాగితం మీద కొట్టేస్తాడు. రెండు వైపులా సంతకాలు పడతాయి. తన ఫ్లాటుకి రక్షణ దొరికిందని ఓనరు అనుకుంటాడు. ఇంకో ఖర్చు నెత్తిన పడిందని అద్దెకు దిగినవాళ్లు అనుకుంటారు. ఇద్దరి లెక్కా తప్పే. ఆ వాక్యం వల్ల ఓనరు గోడకి రూపాయి రాదు. అద్దెకున్నవాళ్లు సరిగ్గా చూసుకుని తీసుకుంటే మాత్రం, ఏడాదికి కొన్ని వందల రూపాయలతో వాళ్ల సామానుకి మంచి కాపుదల దొరుకుతుంది.

ముందుగా ఓ సందేహం తీర్చుకుందాం. అద్దెకుండేవాళ్లు ఇన్సూరెన్స్ తీసుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. షరతు అగ్రిమెంటులో ఉంటే అది ఇద్దరి మధ్య ఒప్పందం కాబట్టి కట్టుబడాలి, లేకపోతే లేదు. అమెరికాలో కూడా పరిస్థితి దాదాపు ఇదే. చట్టం తప్పనిసరి చేయలేదు గానీ అపార్టుమెంటు కంపెనీలు లీజులో రాసి తప్పనిసరి చేశాయి. తేడా అంతా ఆ షరతు వెనకున్న పాలసీలో ఉంది.

అక్కడ అద్దెకుండేవాళ్లకి అమ్మే పాలసీని హెచ్‌ఓ-4 అంటారు. అందులో నాలుగు భాగాలుంటాయి. మొదటిది సామాను. రెండోది వ్యక్తిగత బాధ్యత, అంటే మన అజాగ్రత్త వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టం. మూడోది ఇల్లు పనికిరాకుండా పోతే బయట ఉండడానికయ్యే అదనపు ఖర్చు. నాలుగోది ఇంటికొచ్చినవాళ్లకి దెబ్బ తగిలితే చిన్నపాటి వైద్యం ఖర్చు. అక్కడి ఓనరుకి కావలసింది రెండోదే. స్టవ్ మీద నూనె మరిచిపోయి వంటగది తగలబెడితే, ఆ నష్టం అద్దెకున్న మనిషి పాలసీలోంచి రావాలి. అందుకే లీజులో "కనీసం 1,00,000 డాలర్ల లయబిలిటీ" అని రాస్తారు. సామానుకి ఎంత తీసుకున్నారన్నది వాళ్లకి పెద్దగా పట్టదు.

ఇక్కడ సంగతి వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో ఇళ్ల అగ్నిప్రమాద బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నిబంధనలున్న ప్రామాణిక పాలసీ ఇవ్వాలి. దాని పేరు భారత్ గృహ రక్ష. ఇందులో భవనం ఒక కవర్, ఇంట్లో సామాను మరో కవర్. రెండూ కలిపి తీసుకోవచ్చు, ఏదో ఒకటే తీసుకోవచ్చు. అద్దెకుండేవాళ్లకి భవనంతో పని లేదు కాబట్టి సామాను కవర్ ఒక్కటే తీసుకుంటారు. అందులో ఎదుటివాళ్లకి చెల్లించే బాధ్యత భాగం లేదు. అంటే డల్లాస్ ఓనరు ఏ రక్షణ కోసం ఆ వాక్యం రాయించాడో, అదే ఈ పాలసీలో ఉండదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. అక్కడి పాలసీలో దొంగతనం ఉంటుంది, వరద ఉండదు. వరదకి వేరే పాలసీ కొనాలి. ఇక్కడ భారత్ గృహ రక్షలో వరద ఉంటుంది, మామూలు దొంగతనం ఉండదు. అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు ఫోనులో "ఇన్సూరెన్స్ ఉంటే దొంగతనం వస్తుంది కదా నాన్నా" అంటారు. వాళ్లకి అక్కడ అది నిజం. శ్రీకాకుళం బలగలో, విజయనగరం దాసన్నపేటలో కాదు.

ఏం వస్తుంది, ఏం రాదు

అగ్ని, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, గాలివాన, వరద, నీటమునక, కొండచరియలు, నేల కుంగడం, వాహనమో చెట్టో వచ్చి గుద్దుకోవడం, అల్లర్లు, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలి పొంగడం: ఇవన్నీ భారత్ గృహ రక్షలో ఉన్నాయి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకి ఈ జాబితా బాగా అతుకుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా కుదిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. నాగావళి, వంశధార పొంగితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ ఒడ్డునున్న వీధులవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక రానివి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

తుఫాను వెళ్లాక కరెంటు వస్తుంది. వచ్చిన కరెంటు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చి ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోతుంది. "తుఫాను వల్లే కదా" అని క్లెయిమ్ వేస్తారు, కొట్టేస్తారు. షార్ట్ సర్క్యూట్, ఎక్కువ ఓల్టేజి, తనంతట తాను వేడెక్కడం లాంటి విద్యుత్ కారణాలతో ఏ యంత్రం పాడైందో ఆ యంత్రానికి నష్టపరిహారం ఉండదని పాలసీలోనే రాసి ఉంటుంది. ఆ యంత్రంలో పుట్టిన మంట పక్కనున్న మంచానికి, బీరువాకి అంటుకుంటే ఆ మంచం, బీరువా కవర్‌లోకి వస్తాయి. మూలకారణమైన ఫ్రిజ్ రాదు. పిడుగు పేరు పెట్టి కవర్ చేసిన ప్రమాదమే గానీ, దాని వల్ల ఓల్టేజి పెరిగో, షార్ట్ సర్క్యూట్ అయ్యో యంత్రం కాలితే ఆ యంత్రానికి కూడా ఈ మినహాయింపే అడ్డొస్తుంది. కాబట్టి మెకానిక్కు రాసిచ్చే కాగితంలో "బోర్డు కాలిపోయింది" అని ఒక్క ముక్కలో ముగించకుండా, కారణం ఏమిటని తేలిందో అది రాయించుకోవాలి. మామూలు ఓల్టేజి బాధకి మందు పాలసీ కాదు, స్టెబిలైజరు. తుఫాను రోజున మెయిన్ ఆపేసి, కరెంటొచ్చిన పావుగంట తర్వాత వేసుకోవడం ఇంకా చవక. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్నవాళ్లు బ్రేక్‌డౌన్ కవర్ విడిగా అడగొచ్చు.

స్లాబు నుంచి వానాకాలమంతా మెల్లగా కారిన చెమ్మ, దాంతో పాడైన పరుపు, బీరువాలో బూజు పట్టిన బట్టలు కూడా రావు. ఒక్కసారిగా పైపు పగిలితే ప్రమాదం. నెలల తరబడి కారితే అది మరమ్మతు చేయించని ఓనరు లోపం, ఆ సంగతి ఓనరుతోనే తేల్చుకోవాలి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం, ఓనరు చేయించాల్సిన మరమ్మతుని నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. నోటీసు నోటిమాటగా కాదు, వాట్సాప్‌లోనైనా ఫొటోతో సహా రాసి పంపాలి.

నగదు, చెక్కులు, దస్తావేజులు, సర్టిఫికెట్లు, పొదగని రాళ్లు, బంగారు కడ్డీలు సామానులోకి రావు. వాహనం రాదు. అపార్టుమెంటు సెల్లారులో నీళ్లు నిండి బైకు మునిగితే దానికి మోటారు పాలసీలో ఓన్ డ్యామేజి (సొంత బండికి జరిగే నష్టం) కవర్ ఉండాలి. చాలామంది బైకులకి థర్డ్ పార్టీ మాత్రమే కట్టి ఊరుకుంటారు, అది వరదకి పనికిరాదు. నగలకి విడిగా విలువైన వస్తువుల కవర్ అడగాలి. మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే విలువ సర్టిఫికెట్ అడగరు. దాటితే ప్రభుత్వ గుర్తింపున్న వాల్యూయరు చేత రాయించుకోవాలి.

దొంగతనం విషయంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. పైన చెప్పిన తుఫానో, అగ్నిప్రమాదమో జరిగి, దాని కారణంగా 7 రోజుల్లోపు సామాను పోతే ఇస్తారు. తలుపులు ఎగిరిపోయిన ఇంట్లో ఎవరో చొరబడి టీవీ పట్టుకుపోతే అది ఇందులోకి వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి తాళం పగిలి ఉంటే రాదు, దానికి బర్గ్లరీ కవర్ ప్రత్యేకంగా కట్టి ఉండాలి. అందులో కూడా బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాలు అడుగుతారు. పగిలిన తాళం, వంగిన గడియ, తీసేసిన కిటికీ ఊచ ఉండాలి. తలుపు తీసి ఉండగా ఎవరో వచ్చి ఫోను ఎత్తుకుపోతే అది బర్గ్లరీ కిందకి రాదు. ఇల్లు వరసగా ఎన్ని రోజులు తాళం వేసి ఉంచవచ్చో కూడా ఆ పాలసీలో చూసుకోవాలి. వేసవి సెలవులకి నెలకి పైగా ఊళ్లో గడిపే టీచర్ల కుటుంబాలకి ఇది ముఖ్యం.

ఎంతకి తీసుకోవాలి

గుండుగుత్తగా "5 లక్షలు రాయండి" అనడం కంటే, గది గది తిరిగి రాసుకుంటే గంట పని. ఈ రోజు కొత్తది కొంటే ఎంతవుతుందో ఆ ధర వేయాలి, మీరు కొన్నప్పటిది కాదు. మధ్యతరగతి రెండు బెడ్రూముల ఇంటికి ఉజ్జాయింపుగా ఇలా పడుతుంది: ఫ్రిజ్ 30,000, వాషింగ్ మెషిన్ 25,000, టీవీ 35,000, ఏసీ 40,000, మంచాలు పరుపులు 45,000, సోఫా 30,000, బీరువా 20,000, వంటగది సామాను 40,000, ఇంటిల్లిపాది బట్టలు 1,00,000, ల్యాప్‌టాప్ 60,000, ఇన్వర్టరు బ్యాటరీతో 25,000, నీళ్ల ఫిల్టరు 15,000. మొత్తం 4,65,000. బట్టల అంకె చూసి నవ్వుతారు గానీ, ఒక్క పెళ్లికి పెట్టిన పట్టుచీరలు లెక్కేస్తే అది తక్కువే.

మిగతా చాలా పాలసీల్లో తక్కువ విలువ రాసుకుంటే క్లెయిమ్‌ని ఆ నిష్పత్తిలో కోస్తారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు. 5 లక్షల సామానుకి 3 లక్షలే రాసినా, లక్ష నష్టమైతే లక్షా ఇస్తారు. అయితే 3 లక్షలే గరిష్ఠం. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆరోగ్య, జీవిత బీమాకి 2025 సెప్టెంబరు 22 నుంచి ఇచ్చిన మినహాయింపు దీనికి లేదు.

ప్రపోజల్ ఫారంలో ఇంటి కట్టడం గురించి అడిగినచోట నిజం రాయాలి. తాటాకు, గడ్డి కప్పు, వెదురు గోడ, టార్పాలిన్ ఉంటే కచ్చా కట్టడం అంటారు. స్లాబు ఇంటి పైన తాటాకు పందిరి వేసి అక్కడే వంట చేసుకుంటుంటే అది కూడా చెప్పాలి. ఇంట్లోనే చీరల వ్యాపారమో, పచ్చళ్ల తయారీయో ఉంటే ఆ సరుకు "ఇంటి సామాను" కాదు, దానికి దుకాణాల పాలసీ కావాలి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజున కంపెనీకే పనికొస్తుంది.

ఎచ్చెర్లలో, రాజాంలో, పైడిభీమవరం ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఒక ఇంట్లో నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి ఉంటారు. ఒకరి పేరున పాలసీ తీసుకుంటే మిగతావాళ్ల ల్యాప్‌టాప్‌లు అందులోకి రావు, ఎవరిది వారే తీసుకోవాలి. అమెరికాలో రూమ్మేట్లకీ ఇదే మాట.

ఓనరుకి నిజంగా కావలసింది

భవనం ఓనరుది, ఆ బీమా ఓనరే చేయించుకోవాలి. అద్దెకున్నవాళ్ల చేత ఓనరు గోడలకి పాలసీ కట్టించాలనే ఆలోచన మానుకోవడం మంచిది. ఆస్తి మీద బీమా అర్హమైన ప్రయోజనం ఎవరికుంది, అంటే అది పాడైతే నిజంగా నష్టపోయేదెవరు అన్న ప్రశ్న క్లెయిమ్ రోజున లేస్తుంది. భవనం విలువ లెక్కకి స్థలం ధర కలపకూడదు. కట్టిన విస్తీర్ణాన్ని ఇప్పుడు చదరపు అడుగుకి అయ్యే నిర్మాణ ఖర్చుతో గుణిస్తే చాలు. 1,200 అడుగుల ఫ్లాటుకి అడుగు 2,000 చొప్పున వేస్తే 24 లక్షలు. ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోయిన కాలానికి పోయిన అద్దె కూడా ఇదే పాలసీలో తీసుకోవచ్చు. షెడ్యూల్లో, అంటే పాలసీ వివరాలు రాసిన పేజీలో, ఆ గడి ఖాళీగా ఉందో నిండిందో చూసుకోవాలి. చాలా పాలసీల్లో ఎవరూ అడగక అది ఖాళీగానే ఉండిపోతుంది.

భవనం, సామాను కలిపి తీసుకుంటే భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామానుకి వివరాలు రాయకుండానే కవర్ వస్తుంది. దీన్ని చూపించి "నా పాలసీలోనే మీ సామానూ ఉంది" అనే ఓనర్లున్నారు. అది ఓనరు సామానుకి. ఓనరు ఇచ్చిన ఏసీ, గీజరు, కప్‌బోర్డులు అందులోకి వస్తాయి, మీ టీవీ రాదు. సామానుతో సహా అద్దెకిచ్చిన ఇంట్లో ఏది ఎవరిదో అగ్రిమెంటుకి జతగా ఓ జాబితా ఉంటే రెండు క్లెయిములూ తేలిగ్గా నడుస్తాయి.

ఇప్పుడు అసలు భయం. అద్దెకున్నవాళ్ల పొరపాటుతో ఇల్లు కాలింది. ఓనరుకి అతని కంపెనీ డబ్బు ఇచ్చింది. కథ అక్కడితో ముగియదు. డబ్బిచ్చిన కంపెనీ ఓనరు స్థానంలో నిలబడి, నష్టానికి కారణమైన మనిషి దగ్గర వసూలు చేసుకోవచ్చు. దీన్ని సబ్రోగేషన్ అంటారు. అద్దెకున్నవాళ్ల చేతిలో సామాను పాలసీ మాత్రమే ఉంటే అది ఈ దావాకి అక్కరకు రాదు. దీనికి దారులు రెండు. ఒకటి, హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీల్లో పబ్లిక్ లయబిలిటీ (ఎదుటివాళ్లకి చెల్లించే బాధ్యత) సెక్షన్ ఉంటుంది. కొన్ని కంపెనీలు అద్దెకుండేవారి బాధ్యత అనే యాడాన్ కూడా ఇస్తాయి. తీసుకునేముందు "నేను అద్దెకుంటున్న భవనానికే నా వల్ల నష్టం జరిగితే ఇస్తారా" అని రాసి అడిగి, రాతలోనే జవాబు తీసుకోవాలి. చాలా లయబిలిటీ సెక్షన్లు "మీ స్వాధీనంలో ఉన్న ఆస్తి"ని మినహాయిస్తాయి, అద్దె ఇల్లు సరిగ్గా అదే. రెండు, ఓనరు తన భవనం పాలసీలో అద్దెకున్నవాళ్ల మీద కంపెనీ సబ్రోగేషన్ హక్కు వదులుకునేలా ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే మార్పు కాగితం) అడగడం. ఇది కుదిరితే చవకా, శుభ్రమూ.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. సెక్షన్ 108లోనే, ఇల్లు దిగినప్పుడు ఉన్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని ఉంది. అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, ఎవరూ ఆపలేని శక్తి వల్ల వచ్చిన మార్పులు దానికి మినహాయింపు. అగ్ని, గాలివాన, వరదల వల్ల ఇంట్లో ముఖ్యమైన భాగం నాశనమై శాశ్వతంగా పనికిరాకపోతే, అద్దెకున్నవాళ్లు కోరితే లీజు రద్దవుతుంది. వాళ్ల తప్పు వల్ల జరిగితే ఆ హక్కు లేదు. ఇదంతా ఒప్పందంలో వేరే మాట రాసుకోనప్పుడే వర్తిస్తుంది. "ఏ కారణం చేతనైనా ఇంటికి కలిగే నష్టం అద్దెకున్నవారే భరించాలి" అని ఒక్క వాక్యానికి సంతకం పెడితే, తుఫానుకి ఎగిరిన కిటికీ అద్దాలు కూడా మీ అడ్వాన్సులోంచి కోయడానికి ఓనరుకి కాగితం దొరికినట్టే. ఇన్సూరెన్స్ షరతు కన్నా ముందు వెతకాల్సిన వాక్యం ఇది.

అగ్రిమెంటులో ఎలా రాయాలి

పదకొండు నెలల అగ్రిమెంటు అయినా (1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలని అందరూ పదకొండు దగ్గర ఆగుతారు గానీ, ఆంధ్రప్రదేశ్ సవరణతో ఇక్కడ ఎంత గడువున్న లీజైనా రిజిస్టరు చేయించాల్సిందే) ఈ మాటలు పట్టడానికి అర పేజీ చాలు:

"భవనానికి, జాబితా-1లోని ఓనరు సామానుకి అగ్ని, ప్రకృతి వైపరీత్యాల బీమా ఓనరు తన ఖర్చుతో కొనసాగించాలి. అద్దెకుండేవారు తమ సొంత సామానుకి కనీసం ……… రూపాయల బీమా తీసుకుని, ఇల్లు దిగిన 15 రోజుల్లో పాలసీ ప్రతి ఇవ్వాలి. తుఫాను, వరద, పిడుగు, భూకంపం వల్ల భవనానికి కలిగే నష్టాన్ని అడ్వాన్సులోంచి మినహాయించరాదు. అద్దెకుండేవారి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టంలో, ఓనరుకి బీమా ద్వారా అందని మేరకే వారి బాధ్యత. ఇల్లు నివాసానికి పనికిరాని రోజులకి అద్దె ఉండదు. 30 రోజుల్లో బాగు కాకపోతే అద్దెకుండేవారు నోటీసు లేకుండా ఖాళీ చేసి అడ్వాన్సు పూర్తిగా వాపసు తీసుకోవచ్చు."

"ఓనరుకి బీమా ద్వారా అందని మేరకే" అన్న ముక్క ఉంచితే, సబ్రోగేషన్ వదులుకున్నట్టుగా ఓనరు కంపెనీకి ముందే తెలియజేయాలి. చెప్పకుండా కంపెనీ హక్కుని ఓనరు సంతకంతో తీసేస్తే క్లెయిమ్‌లో పేచీ వస్తుంది. పాలసీ తీసుకోకపోతే ఏమిటన్నది కూడా రాసుకోవాలి. ఖాళీ చేయించడం లాంటి పెద్ద శిక్ష రాస్తే ఎవరూ అమలు చేయరు. "తీసుకోకపోతే వారి సామాను నష్టానికి ఓనరుని అడగరాదు" అంటే సరిపోతుంది.

గ్యాసు సిలిండరు పేరు ఎవరిది

ఇది ఎవరూ చూడని సంగతి. ప్రభుత్వ చమురు కంపెనీలు తమ వంటగ్యాసు వినియోగదారుల కోసం పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకుంటాయి. మనం విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. గ్యాసు ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా (మొత్తం ప్రమాదానికి 30 లక్షలు), ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా ఉంటుంది. ఆ ఆస్తి నష్టం కనెక్షన్ రిజిస్టరైన చిరునామాలో జరిగితేనే. ఊళ్లో నాన్నగారి పేరున ఉన్న సిలిండరు తెచ్చి శ్రీకాకుళం అద్దె ఇంట్లో పెట్టుకుంటే ఆ 2 లక్షలు చేజారినట్టే. అద్దె ఇంటికి దిగిన వారంలో గ్యాసు ఏజెన్సీలో చిరునామా మార్పించుకోవాలి, దానికి అద్దె అగ్రిమెంటు పనికొస్తుంది. రబ్బరు ట్యూబు ఐఎస్ఐ ముద్ర ఉన్నదే వాడి, ఐదేళ్లకోసారి మార్చాలి. ట్యూబు మీద తేదీ ముద్రించి ఉంటుంది, ఓసారి వంగి చూడండి. బజార్లో నింపించే చిన్న సిలిండర్లకి ఇవేమీ వర్తించవు.

నష్టం జరిగిన రోజు

మొదటి పని ఫొటోలు, వీడియో. నీళ్లు తగ్గకముందే గోడ మీద నీటి గీత కనిపించేలా తీయాలి. తరవాత కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోను చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. తుఫాను తర్వాత సిగ్నళ్లు ఉండవు కాబట్టి పాలసీ నంబరు, కంపెనీ నంబరు పర్సులో చీటీ మీద ఉండాలి. క్లెయిమ్ ఫారం వీలైనంత త్వరగా, ఎలాగైనా నష్టం గమనించిన 30 రోజుల్లోపు ఇచ్చేయాలి. అగ్నిప్రమాదమైతే 101కి ఫోను చేసి, ఫైర్ స్టేషన్ నుంచి రిపోర్టు తీసుకోవాలి. దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్, ఆ తరవాత సొత్తు దొరకలేదని పోలీసుల తుది నివేదిక కూడా కావాలి. ఆ రెండో కాగితం కోసమే ఎక్కువ క్లెయిములు నెలల తరబడి ఆగుతాయి.

తడిసిన పరుపుని వాసన భరించలేక బయట పారేస్తారు, నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చేసరికి చూపించడానికి ఏమీ ఉండదు. మేడ మీదో, వరండాలోనో ఓ మూల ఉంచండి. ఉంచలేకపోతే దాని కంపెనీ లేబుల్ కనిపించేలా ఫొటో తీసి, పారేస్తున్నామని సర్వేయరుకి మెసేజి పెట్టి పారేయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్‌లకి వెనక స్టిక్కరు మీదున్న సీరియల్ నంబరు ఫొటో తప్పనిసరి. బిల్లులు తడిసిపోతే, కొన్న షాపులో మీ ఫోను నంబరుతో మళ్లీ ప్రింటు ఇస్తారు, ఆన్‌లైన్‌లో కొన్నవి ఖాతాలోనే ఉంటాయి. అప్పుడు వెతుక్కునే కంటే, పాలసీ తీసుకున్న రోజే ఇంటి మొత్తాన్ని బీరువా తలుపులు కూడా తెరిచి ఒక వీడియో తీసి ఫోను బయట ఎక్కడైనా దాచుకోవడం మేలు.

కంపెనీ కొట్టేస్తే, లేదా సగం కోస్తే, ముందు వాళ్ల గ్రీవెన్స్ అధికారికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆయన పరిధిలోనిదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఆదేశించగలరు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, 155255 నంబరు కూడా ఉన్నాయి. కాదంటే శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉండనే ఉన్నాయి.

పిల్లలు అమెరికాలో లీజు రాసేటప్పుడు

ఇక్కణ్నుంచి మాస్టర్స్‌కి వెళ్లిన పిల్లలకి తాళాలిచ్చేముందే ఇన్సూరెన్స్ కాగితం అడుగుతారు. లయబిలిటీ మొత్తం లీజులో అడిగినంత ఉందా, అపార్టుమెంటు పేరు "ఇంట్రెస్టెడ్ పార్టీ"గా చేర్చారా అన్నవి రెండే చూస్తారు. ఆ పేరు చేర్చితే పాలసీ ఆగిపోతే వాళ్లకి నోటీసు వెళుతుంది, అంతకు మించి హక్కేమీ ఇవ్వదు. కాగితం ఇవ్వకపోతే అపార్టుమెంటువాళ్లే నెలకి కొంత రుసుము వేసి తమ పథకంలో కలిపేస్తారు. అలాంటి పథకాల్లో చాలావరకు ఓనరు గోడకే రక్షణ, పిల్లవాడి ల్యాప్‌టాప్‌కి లేదు. సొంతంగా తీసుకునేటప్పుడు డిడక్టిబుల్, అంటే క్లెయిములో ముందుగా మన జేబులోంచి పోయే మొత్తం, చూసుకోవాలి. అది 500 డాలర్లయితే 600 డాలర్ల సైకిల్ పోయినప్పుడు వచ్చేది 100 డాలర్లే. సామానుకి "యాక్చువల్ క్యాష్ వాల్యూ" (వాడకం తరుగు తీసేసిన ధర) కాకుండా "రీప్లేస్‌మెంట్ కాస్ట్" ఎంచుకుంటే పాతదానికి కొత్తదాని ధర వస్తుంది. ఒరెగాన్ రాష్ట్రంలో మాత్రం అద్దెకుండేవాళ్ల దగ్గర 1,00,000 డాలర్లు, ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్లకి ఓనర్లు మామూలుగా అడిగే మొత్తం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి మించిన లయబిలిటీని ఓనరు అడగకూడదని చట్టమే ఉంది. ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగానికి మించని కుటుంబాల్ని అసలు అడగనే కూడదు.

ఇల్లు మారినప్పుడు

పాలసీ షెడ్యూల్లో రాసిన చిరునామాలో ఉన్న సామానుకే కవర్. తోటపాలెం నుంచి కంటోన్మెంటుకి మారితే, సామాను ఎక్కించకముందే కంపెనీకి మెయిల్ పెట్టి చిరునామా మార్పు ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. వ్యాను మీద వెళుతుండగా పగిలిన టీవీ ఈ పాలసీలోకి రాదు. వేరే ఊరికి పోతూ పాలసీ వద్దనుకుంటే రద్దు చేయమని రాయండి. క్లెయిమ్ ఏమీ తీసుకోకపోతే మిగిలిన రోజులకి తగ్గ ప్రీమియం వెనక్కి వస్తుంది. ఓనరుకి ఇచ్చిన పాత పాలసీ ప్రతి మీద "ఖాళీ చేసిన తేదీ" రాయించి, అడ్వాన్సు లెక్క చూసుకునే రోజునే దాని మీద ఓనరు సంతకం కూడా తీసుకోండి.